బృందావనపు కాగితపు ముగ్గు

మధుర వెళ్ళినవారు పేడాలు తెచ్చుకుంటారు. నేను ఒక కాగితం తెచ్చుకున్నాను. సన్నకత్తెరతో కదంబవృక్షాన్నీ, నెమళ్ళనూ, గోవులనూ ఖాళీలుగా కత్తిరించిన అచ్చు అది. పేరు సాంఝీ. 2010లో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల చిహ్నాలకు ఈ కళే స్ఫూర్తి.

ఇప్పుడు వీటికి అద్దం కట్టి అమ్ముతున్నారు. చేసినవారి చేతికి నాలుగు డబ్బులు వస్తే సంతోషమే. కాని సాంఝీ అసలు చోటు గోడ కాదు, నేల. పితృపక్షంలో బృందావనపు ఆలయాల్లో మట్టివేదిక చదునుచేసి, అచ్చులు ఒకదాని తరువాత ఒకటి పరచి, రంగుపొడులు జల్లుతారు. ఒక్క చేతి మీద అయ్యే పని కాదు. పలువురు గంటలతరబడి వంగి కూర్చోవాలి. సంధ్యవేళ దర్శనం, హారతి. ఆ తరువాత చెరిపివేయడమే!

మన ముంగిటి ముగ్గూ అంతే గదా! రేపు మళ్ళీ వేసే చేతులుంటేనే అది బతుకుతుంది. ఆ చేతులే కరువైతే, గోడమీది అచ్చు ఎంత అందంగా వున్నా వట్టి ముగ్గుగిన్నె!