మొక్కకు పోసిన నీరు

మొక్కై వంగనిది మానై వంగునా అంటారు పెద్దలు. ఆ సామెత విన్నప్పుడల్లా నాకొక చిన్న అభ్యంతరం. మొక్కను వంచడం గురించి చెప్పారే గాని, దానికి నీళ్లు పోయడం గురించి చెప్పలేదు.

గుంటూరును ఆనుకుని ఉన్న మా నల్లపాడు నుంచి, కాయ దిగే కాలంలో ఆడవాళ్లు తెల్లవారకముందే ముచ్చికలు తీసే కూలికి ఆటోలెక్కుతారు. కొందరి చంకలో బిడ్డలుంటారు. మిరపరాశి పక్కనే పాతచీర పరిచి బిడ్డను పడుకోబెడతారు. పెద్దలకే తుమ్ములాగని ఘాటది. అంగన్‌వాడీ ఉంది, కాని రోజూ కూర్చోబెట్టుకునేది మూడేళ్లు నిండినవారిని. అంతకంటే చిన్నవారికి బరువు చూసి, ఇంటికి సరుకు ఇస్తారు. ఆ సరుకు వండి తినిపించవలసిన తల్లి సాయంత్రం దాకా రాశి దగ్గరే ఉంటుంది.

ఆ వయసులో పెట్టిన ముద్ద ఎంతదూరం వస్తుందో మన తెలుగునేల మీదే పరిశీలించారు. సమగ్ర శిశు అభివృద్ధి పథకం 1975లో మొదలై విడతలవారీగా విస్తరించింది. 1987-90 మధ్య హైదరాబాదు దగ్గరి 29 పల్లెలను జాతీయ పోషకాహార సంస్థ ఎంచుకున్నప్పుడు, 15 పల్లెలకు పథకం అందింది, 14 పల్లెలకు ఇంకా అందలేదు. అందిన పల్లెల్లో గర్భిణులకూ ఆరేళ్లలోపు పిల్లలకూ మొక్కజొన్న, సోయా కలిపిన ఉప్మా పెట్టేవారు. గర్భిణికి రోజుకు సుమారు 600 కెలొరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు. బిడ్డకు అందులో సగం. పుట్టిన బిడ్డల బరువులో తేడా స్వల్పమే. లెక్క అక్కడితో ముగించి ఉంటే, ఖర్చు దండగ అనేవారేమో!

ముగించలేదు. ఆ పిల్లలకు 13-18 ఏళ్లు వచ్చాక వెతికి పట్టుకుని, 1165 మందిని పరీక్షించారు. ఫలితాలు 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. ఉప్మా అందిన పల్లెల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవున్నారు. వారి రక్తనాళాలలో బిరుసు తక్కువ. ఇన్సులిన్‌కు శరీరం మొండికేయడమూ తక్కువ. అంటే రేపటి మధుమేహానికీ గుండెజబ్బుకూ ఒక అడుగు ఎడంగా ఉన్నారన్నమాట. పల్లెలను చీటీలు వేసి ఎంచలేదు గనుక అంతా ఉప్మా చలవేనని ఒట్టు వేయలేం. అయినా ఆ తేడాను తోసిపుచ్చలేం.

ముందుజాగ్రత్తకు వచ్చిన చిక్కు ఇదే. ఫలితం పదిహేనేళ్లకు గాని కనబడదు. ప్రభుత్వాల ఆయుష్షు అయిదేళ్లు. వంతెనకు శిలాఫలకం ఉంటుంది, రాని జబ్బుకు ఉండదు.

అంగన్‌వాడీలకు శిశుసంరక్షణ కేంద్రాలను జోడించే 'పాల్నా' పథకాన్ని కేంద్రం 2022లో తెచ్చింది. ఆలోచన మంచిదే. నన్నడిగితే మిర్చిపని జరిగేచోట కావలసింది పెద్ద భవనం కాదు: పొద్దుగూకే దాకా తెరిచి ఉండే ఒక గది, ఒక ఆయా, వేళకింత వేడి ముద్ద.

మీ ఊళ్లోనూ పత్తిచేలో, ఇటుకబట్టీలో ఉండే ఉంటాయి. తల్లులు పనిలో ఉన్న వేళ చంటిబిడ్డలు ఎక్కడుంటున్నారో ఒకసారి చూసి చెప్పండి.