గృహఋణమునకు ముందు విద్యాఋణము

ఇంజనీరింగు విద్యకై బ్యాంకునుండి ఋణము గైకొని, పట్టభద్రులైన పిదప తగిన యుద్యోగము దొరకక వాయిదాలు తప్పిన యువకులు, కాలక్రమమున నిలదొక్కుకొని గృహఋణమునకు దరఖాస్తు పెట్టునప్పుడు, మరుగునపడినదనుకొన్న ఆ పాతపద్దే మొట్టమొదట ఎదురై నిలుచుట మా బంధుమిత్రులలో తరచుగా చూచుచున్నాను. చెల్లింపు 90 దినములు మించి నిలిచినచో బ్యాంకు దానిని నిరర్థక ఆస్తిగా వర్గీకరించును. ఆ మచ్చ విద్యార్థికే గాక, సహఋణగ్రహీతగా చేవ్రాలు చేసిన తండ్రి సిబిల్ అను ఋణచరిత్ర నివేదికకును అంటును. నన్ను మిక్కిలి కలతపెట్టునది ఈ రెండవ సంగతియే, ఏలయన బిడ్డ చదువుకై సంతకము చేసిన ఆ పెద్దవానికి, వార్ధక్యమున అవసరమై అడిగిన మరియొక అప్పు పుట్టుట దుర్లభమగును.

బ్యాంకువారు కొంత తగ్గించి ఒక్కమారుగా తీర్చుకొమ్మనినప్పుడు ఆ రాయితీకి ఆశపడుట సహజమే. కాని అట్లు తీరిన పద్దు నివేదికలో ‘సెటిల్డ్’ అని నమోదగునే గాని ‘క్లోజ్డ్’ అని కాదు, గృహఋణమిచ్చువారు ఈ భేదమును లెస్సగా పాటింతురు. కావున శక్తిగలవారు అసలును వడ్డీని పూర్తిగా చెల్లించి, బకాయి లేదను ధ్రువపత్రము పుచ్చుకొని, నివేదిక సవరింపబడినదో లేదో స్వయముగా పరిశీలింపవలయును. సవరణ జరుగలేదని చేసిన ఫిర్యాదు 30 దినములలో పరిష్కృతము కానిచో, ఆపై దినమునకు 100 రూపాయల పరిహారము చెల్లింపవలెనని రిజర్వు బ్యాంకు 2023లో ఆదేశించినది. ఏడాదికొకమారు పూర్తి నివేదిక ఉచితముగానే లభించును గనుక, ఇంటికి బయానా ఇచ్చుటకు కొన్ని నెలలు ముందే దానిని తెప్పించి చూచుకొనుడని మిత్రులను వేడుచున్నాను.