భూమధ్యరేఖ పక్కన మంచు సింహాలు

“మామయ్యా, సాయంత్రం హాకీకి వెళదాం. స్వెట్టరు మాత్రం మరిచిపోకండి” అన్నాడు మా మేనల్లుడు.

హాకీ అంటే నాకు తెలిసింది ధ్యాన్‌చంద్ హాకీ. పచ్చిక మైదానం, ఎండ, అరుపులు, గట్టు మీద వేరుశెనక్కాయల బండి. అందులోకి స్వెట్టరు ఎందుకొచ్చిందో బోధపడలేదు. పైగా మేముంది ఆఫ్రికాలో, కెన్యా రాజధాని నైరోబీలో. ఆ వూరి నుంచి భూమధ్యరేఖ 150 కిలోమీటర్ల దూరమైనా వుండదు. 2019 ఆగస్టులో, పటంలో ఆ గీత చూసుకునే, బెజవాడ ఎండలకు సరిపోయే బట్టలు పెట్టెలో సర్దుకుని బయలుదేరాను. దిగిన మర్నాడే మేనల్లుడి కోటు ఎరువు తీసుకోవలసి వచ్చింది. పటంలో గీత కనబడుతుంది గాని ఎత్తు కనబడదు కదా! నైరోబీ సముద్రమట్టానికి దాదాపు 1,700 మీటర్ల ఎత్తున వుంది. మన అరకులోయ కన్నా చాలా ఎక్కువ. జూలై, ఆగస్టు నెలలు వాళ్లకు చలికాలం. వూరి పేరుకు అర్థమే ‘చల్లని నీళ్లు’ట. మసాయి పశులకాపరులు తమ మందలను నీళ్లకు తోలుకువచ్చే చోటుకు పెట్టుకున్న పేరది.

ఆ నీళ్ల పక్కనే 1899లో ఇంగ్లీషువాళ్లు ఉగాండా రైలుమార్గం వేస్తూ ఒక డిపో పెట్టారు. డిపో వూరైంది, వూరు రాజధాని అయింది. ఆ పట్టాలు వేయడానికి మన దేశం నుంచి 30 వేలమందికి పైగా కూలీలను ఓడలెక్కించి తెచ్చారు. ఎక్కువమంది పంజాబువాళ్లు. వాళ్లలో వేలమంది తిరిగి ఇల్లు చేరలేదు. ఇప్పుడు నైరోబీ వీథిలో నిలబడి ఎవరిని పలకరించినా చపాతీని చపాతీ అనే అంటారు, టీని చాయ్ అనే అంటారు, అంగడిని దుకా అంటారు. పరాయిదేశంలో వున్నానన్న బెంగ నాకు మొదటిరోజే సగం తీరిపోయింది.

సాయంత్రం టాక్సీ ఎక్కాము. ఎక్కడికి వెళ్లాలో మావాడు చెప్పగానే డ్రైవరు పెద్దగా నవ్వి “బరాఫు! బరాఫు!” అన్నాడు. స్వాహిలీ భాషలో మంచుగడ్డను బరాఫు అంటారు. మన హైదరాబాదులో షరబత్తు బండివాడు వేసే బరఫు కూడా అదే. పారశీకదేశంలో పుట్టిన ఆ మాట ఒక కాలు గోలకొండ వైపు, ఇంకో కాలు మొంబాసా వైపు వేసి నడిచిందన్నమాట.

మొంబాసా రోడ్డు మీద విమానాశ్రయం వైపు వెళుతుంటే పనారీ అనే హోటలు వస్తుంది. ఆ చుట్టుపక్కలనే, వూరి పొలిమేరనే, నైరోబీ జాతీయవనం. 117 చదరపు కిలోమీటర్ల మేర సింహాలు, జిరాఫీలు, ఖడ్గమృగాలు స్వేచ్ఛగా తిరుగుతుంటాయి. ఇటు అసలు సింహాలు, అటు హోటలు గోడల మధ్య మంచు సింహాలు. తమాషాకు అనడం లేదు. కెన్యా జట్టు పేరే ఐస్ లయన్స్.

హోటలు లోపలికి వెళ్లి తలుపు తోయగానే ముఖానికి చల్లగాలి కొట్టింది. ఎదురుగా తెల్లగా మెరిసే నేల. 2005లో తెరిచారట ఆ మంచు మైదానాన్ని. తూర్పు ఆఫ్రికాలో అటువంటిది అదే మొదటిది. నేల కింద గొట్టాలు పరచి, వాటిలో గడ్డకట్టని ద్రవాన్ని అతిచల్లగా ప్రవహింపజేస్తారు. ఆ నేల మీద నీళ్లు పలచగా చల్లుతారు. గడ్డకట్టాక దాని మీద మళ్లీ చల్లుతారు. దోసె మీద దోసె పోసినట్టు పొర మీద పొర. అంతా కలిపి రెండు మూడు అంగుళాల మందం కూడా వుండదు. యంత్రం ఆగితే చివరికి మడుగే మిగులుతుంది. కరెంటు మాట తలుచుకుని నాకే గుండె ఝల్లుమంది.

హాకీ పోటీలకు అంతర్జాతీయంగా వున్న కొలత 60 మీటర్ల పొడవు. ఇది దాని ముందు పసిపిల్ల. పెద్ద మైదానంలో గోలు కాసేవాడితో కలిపి పక్షానికి ఆరుగురు ఆడతారు. ఇక్కడ అంతమంది దిగితే మోచేతులు తగులుకోవడమే తప్ప ఆట సాగదు. అందుకని తక్కువమందితో ఆడుతున్నారు. అక్కడ బంతి లేదు. మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం వున్న గట్టి రబ్బరు బిళ్ల. దాన్ని పక్ అంటారు. చూడడానికి మన పిల్లల తొక్కుడుబిళ్లకు అన్నగారిలా వుంటుంది గాని, మంచు మీద జారి వచ్చిందంటే కంటికి ఆనదు. నేను మొదటి పది నిమిషాలూ ఆ బిళ్ల ఎక్కడుందో తెలియక, ఆటగాళ్లు ఎటు చూస్తే అటు చూస్తూ కాలక్షేపం చేశాను. వాళ్ల వేగం మాత్రం చెప్పనలవి కాదు. బూటు కింద కత్తివాదర లాంటి ఇనుప పలక. ఒక్క ఊపున ఈ గోడ నుంచి ఆ గోడకు వచ్చి, మంచుపొడి చిమ్ముకుంటూ ఠక్కున ఆగిపోతారు. ఇద్దరు ముగ్గురు ఆడపిల్లలు కూడా మగవాళ్లతో సమానంగా ఆడుతున్నారు. శిరస్త్రాణం, భుజాలకు దిండ్లు, మోకాళ్లకు తొడుగులు, ఇవన్నీ తగిలించుకున్నాక ఎవరెవరో పోల్చుకోవడం కష్టం. ఒక పిల్ల శిరస్త్రాణం తీసి జుట్టు ముడి బిగించుకుంటుంటే గాని నాకు తెలియలేదు.

పుట్టి బుద్ధెరిగాక మంచు చూడనివాళ్లకు ఈ విద్య ఎలా అబ్బిందన్నది నా సందేహం. మేనల్లుడు తీర్చాడు. నైరోబీ కుర్రకారుకు చక్రాల బూట్ల సరదా జాస్తి. సెలవు రోజుల్లో ఖాళీగా వుండే కార్ల స్థలాల్లోనూ, రోడ్ల మీదా చక్రాల మీద తిరుగుతారు. ఇక్కడ ఉద్యోగాల మీద వుండే కెనడా, అమెరికా దేశస్థులు కొందరు ఈ హోటలు మంచు మీద సరదాకు హాకీ ఆడుతుంటే, ఈ కుర్రాళ్లు చూసి చక్రాలు విప్పి కత్తులు కట్టారు. 2016లో అది జట్టయింది. టిమ్ కోల్బీ అనే కెనడా దేశస్థుడు శిక్షకుడుగా నిలబడ్డాడు. బెంజమిన్ అజెగెరె నాయకుడు. చిన్నపిల్లలను చేరదీసి నేర్పించడం కూడా వీళ్లే పెట్టుకున్నారు.

అంతా బాగానే వుంది గాని, ఒక్కటే లోటు. ఆ లోటు డబ్బుతో తీరేది కాదు. దేశంలో వీళ్లతో ఆడడానికి ఇంకో జట్టు లేదు. చుట్టుపక్కల దేశాల్లోనూ లేదు. మన వీథి కుర్రాళ్లు క్రికెట్టుకు జట్టు చాలకపోతే పక్క వీథికి కబురు పంపుతారు. వీళ్లకు పక్క వీథి కొన్ని వేల మైళ్ల అవతల వుంది. అందుచేత వారం వారం తమలో తామే రెండుగా చీలి ఆడుకుంటున్నారు. వాడు కొట్టే దెబ్బ వీడికి ముందే తెలుసు. వీడి ఎత్తు వాడికి తెలుసు. చదరంగంలో కుడిచేత్తో తెల్లపావులు, ఎడంచేత్తో నల్లపావులు జరుపుకోవడం లాంటిది. ఎంత బాగా ఆడుతున్నారో చెప్పడానికి కొలబద్ద ఏదీ? ఓడిపోదామన్నా ఎదుట ఒకడుండాలి కదా! నేను అక్కడ వున్న గంటన్నరలోనూ అటువైపు ఒకరు తగ్గితే ఇటువైపు నుంచి ఒకరు వెళ్లి చేరడం, గోలు పడితే రెండు పక్షాలవాళ్లూ కర్రలెత్తి కేకలు వేయడం చూశాను. చూడముచ్చటగానే వుంది. మనసులో ఎక్కడో చివుక్కుమంది కూడా.

కెన్యాకు హాకీ కొత్త కాదు. రైలు కూలీల వెనుక వచ్చి స్థిరపడిన మనవాళ్ల పిల్లలు ఇక్కడి పచ్చిక మీద గొప్ప హాకీ ఆడారు. అవతార్ సింగ్ సొహల్ 1960 నుంచి 1972 దాకా నాలుగు ఒలింపిక్సులలో కెన్యా తరఫున ఆడాడు. 1971లో బార్సిలోనాలో జరిగిన మొదటి ప్రపంచకప్పులో కెన్యాది నాలుగో స్థానం. మూడో స్థానానికి మన దేశంతోనే తలపడి ఓడింది. తలపాగా చుట్టుకున్న ఆటగాళ్లు అటూ ఇటూ కూడా వున్న ఆ ఆట చూడవలసినదై వుంటుంది!

మంచు కూడా వాళ్లకు మరీ పరాయిది కాదు. దేశానికి పేరిచ్చిన కెన్యా పర్వతం 5,199 మీటర్ల ఎత్తున, భూమధ్యరేఖకు ఆనుకునే, నెత్తిన మంచు పెట్టుకుని నిలబడి వుంది. 1849లో క్రాఫ్ అనే జర్మను మతబోధకుడు దాన్ని దూరం నుంచి చూసి మంచు వుందని రాస్తే, లండనులో కూర్చున్న పండితులు నమ్మలేదు. భూమధ్యరేఖ మీద మంచేమిటన్నారు. ఇప్పుడు ఆ మంచు ఏటేటా కరిగిపోతున్నది. 1998లో జపానులోని నగానోలో జరిగిన శీతాకాలపు ఒలింపిక్సుకు ఫిలిప్ బోయిట్ అనే కెన్యా పరుగు వీరుడు స్కీ కర్రలు పట్టుకుని వెళ్లినప్పుడు కూడా లోకం వింతగానే చూసింది. 10 కిలోమీటర్ల పందెంలో అందరికన్నా ఆఖరున వచ్చాడు. గెలిచిన నార్వే వీరుడు బ్యోర్న్ డేలీ వెళ్లిపోకుండా, బోయిట్ వచ్చేదాకా గీత దగ్గర కాచుకుని వుండి కౌగలించుకున్నాడు. తరువాత బోయిట్ తన కొడుకుకు డేలీ పేరే పెట్టుకున్నాడు. ఓటమి దొరకడం కూడా ఒక అదృష్టమే ననిపిస్తుంది ఈ కథ వింటే.

మంచు సింహాలకు ఆ అదృష్టం మొదటిసారి 2018లో పట్టింది. కెనడాలోని ఒక కాఫీ కంపెనీ వీళ్ల సంగతి విని టొరంటోకు పిలిపించింది. పూర్తి కొలతల మైదానం. కొత్త దుస్తులు, కొత్త కర్రలు. ఎదుట నిజమైన ప్రత్యర్థులు. ఆ పైన, సిడ్నీ క్రాస్బీ, నేథన్ మెకినన్ అనే మహామహులు కెన్యా దుస్తులు తొడుక్కుని వీళ్ల పక్షాన ఆడడానికి వచ్చారు. మన వీథి జట్టులోకి టెండూల్కరు బ్యాటు పట్టుకుని వచ్చినట్టు! ఆ సినిమా మేనల్లుడు తన ఫోనులో చూపించాడు. కంపెనీవారి ప్రచారం లేకపోలేదు. అయినా ఆ ఇద్దరూ గదిలోకి రాగానే కుర్రాళ్ల ముఖాల్లో వచ్చిన మార్పు ఎవరో చెప్పి చేయించింది కాదు.

ఆట ముగిసింది. శిరస్త్రాణాలు తీసేసరికి అందరికీ చెమటలు. నేను స్వెట్టరులోనూ వణుకుతున్నాను. కత్తుల బూట్లు తుడిచి సంచుల్లో పెట్టుకుని, మతాతూ అనే ప్యాసింజరు వ్యానుల కోసం రోడ్డు మీదికి నడిచారు. పొద్దున్నే ఎవరి ఉద్యోగాలు వాళ్లవి, ఎవరి చదువులు వాళ్లవి. హాకీ కర్రలను వ్యానులోకి ఎక్కించడానికి కండక్టరుతో చిన్న తగువు కూడా జరిగింది. తగువులో కర్రలే గెలిచాయి.

మాకు పాత టాక్సీయే దొరికింది. డ్రైవరు మళ్లీ నవ్వుతూ “ఎవరు గెలిచారు?” అని అడిగాడు.

“ఐస్ లయన్స్” అన్నాడు మావాడు.

“ఎవరి మీద?”

“ఐస్ లయన్స్ మీదే.”

డ్రైవరు కాసేపు మాట్లాడకుండా బండి నడిపాడు. “పాపం” అన్నట్టు నాలుక చప్పరించాడు. అంతవరకు నవ్విన మనిషి ఇక నవ్వలేదు.

2024లో ఒకరోజు మేనల్లుడు ఫోను చేశాడు. అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్య కెన్యాను సభ్యదేశంగా చేర్చుకుందట. ఇక పై దేశాలతో ఆటలు కుదరవచ్చు. పెద్ద మైదానం మాట కూడా ఎవరైనా తలపెట్టవచ్చు. “వాళ్లు బోలెడు ఓడిపోతారు మామయ్యా, చూస్తుండండి” అన్నాడు. వాడి గొంతులో ఎంత సంతోషమో!

ఆ టాక్సీ డ్రైవరుకు ఈ కబురు అందిందో లేదో. మళ్లీ నైరోబీ వెళితే చెప్పాలి.