తెల్ల బొద్దింక – తంగేడు చెక్క

ఆరో తరగతిలో రేకు పెట్టెతో ఈ హాస్టల్‌కు వచ్చిన కొత్తలో, ఒక రాత్రి వంటగది గోడ మీద తెల్లటి బొద్దింకను చూశాం. దానికేదో జబ్బు చేసిందనుకున్నాం. పాత పెంకు విడిచిన బొద్దింక కాసేపు అలా తెల్లగా, మెత్తగా ఉంటుందని ఎమ్మెస్సీ జువాలజీలో చేరాకే తెలిసింది. మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కింది మేమే మొదలు. చెప్పేవాళ్లెవరు?

కొత్త పెంకు గట్టిపడి రంగు తేలాలంటే నాడుల నుంచి రక్తంలోకి ఒక హార్మోను రావాలి. 1962లో ఫ్రెంకెల్, సియావో అనే శాస్త్రవేత్తలు ప్యూపా నుంచి అప్పుడే బయటికొచ్చిన ఈగ మెడకు దారం బిగించారు. దాని ఒళ్లు మెత్తగా, పాలిపోయి ఉండిపోయింది. గట్టిపడుతున్న మరో ఈగ రక్తం ఎక్కిస్తే నల్లబడింది. 1965లో ఆ హార్మోనుకు ‘బర్సికాన్’ అని పేరు పెట్టారు. తోళ్లు పదును చేసే పనికి చెందిన గ్రీకు మాట నుంచి వచ్చిన పేరది.

సెమినారులో ఈ అంశం మా వంతుకే వచ్చింది. ‘టానింగ్ అంటే ఏమిటి?’ అని మేడం అడిగారు. మాకు తెలియకనా! మా తాత లందలో తంగేడు చెక్క వేసి తోళ్లు నానబెట్టేవాడు. చెక్కలోని టానిన్లు తోలు ప్రోటీన్లను పట్టి బిగిస్తాయి. పురుగు పెంకులో ఆ పని క్వినోన్లు చేస్తాయి. ఇంత తెలిసీ, పుస్తకంలోని రెండు వాక్యాలు అప్పజెప్పి కూర్చున్నాం. తాత పని పేరెత్తితే పక్క బెంచీ వాళ్లు ఏమనుకుంటారోనని నోరు రాలేదు. మార్కులు బాగానే వచ్చాయి. ఆ రాత్రి అన్నం సహించలేదు.

దసరా సెలవుల్లో తాతకు అంతా చెప్పాం. మేం దాచిన సంగతీ చెప్పాం. దానికి ఆయన ఏమీ అనలేదు. ‘‘పురుగుకు సుత తోలు పదును జేసుడు ఎర్కేనా బిడ్డా! పచ్చిగున్నప్పుడే గుంజి సాపు జెయ్యాలె. ఎండినంక సాగది’’ అన్నాడు.

పుస్తకంలోనూ అదే ఉంది. ఈగ మెత్తగా ఉన్నప్పుడే గాలి మింగి, ఒళ్లు ఉబ్బించి రెక్కలు చాపుకుంటుంది. ముందే గట్టిపడితే రెక్కలు ముడతలు పడే ఉండిపోతాయి.

తమ్ముళ్లూ, కొత్తగా పెట్టె పట్టుకొచ్చి రాత్రిళ్లు ఏడ్చే పిల్లల్ని చూసి నవ్వకండి. మేమూ ఏడ్చినవాళ్లమే. అవి మెత్తగా ఉండే రోజులు, రెక్కలు చాపుకునే రోజులూ అవే.

వచ్చే నెల మాకు వైవా. టానింగ్ గురించి అడిగితే ఈసారి తంగేడు చెక్క దగ్గరే మొదలుపెడతాం.