మంచు మీద ఆటకు నేల మీద కసరత్తు

హాకీ అనగానే మీకు ధ్యాన్‌చంద్ గుర్తుకు వస్తాడు. నేను చెప్పబోయేది ఆ హాకీ కాదు. గడ్డకట్టిన మంచు మీద, బూట్ల కింద ఉక్కు బ్లేడ్లతో జారుతూ ఆడేది. మన దేశంలో లడాఖ్‌లో ఆడతారు. కెనడాలో అయితే మన వీధుల్లో క్రికెట్ యెలాగో అలాగ. ఇది మనకెందుకంటారా? మీ అబ్బాయో, అల్లుడో అక్కడ వుంటే, నలభై దాటాక ఆదివారం రాత్రుళ్ళు హాకీ కర్ర పట్టుకుని బయలుదేరేవాళ్ళలో అతనూ వుండవచ్చు. నేనూ వున్నాను.

విజయవాడలో చదివి, కాల్గరీలో స్థిరపడిన వైద్యుణ్ణి నేను. మా అమ్మాయికి స్కేటింగ్ నేర్పించడానికి వెళ్ళి, గోడ పట్టుకు నిలబడి చూస్తూ చూస్తూ, 43వ యేట ఆటలో దిగాను. వారానికి గంటసేపు ఆడుతున్నాను గదా, ఇంక వేరే కసరత్తు దేనికి అనుకున్నాను. నా దగ్గరకు వచ్చే రోగి యీ మాట అంటే వూరుకోను. నా విషయంలో వూరుకున్నాను.

రెండో చలికాలంలో ఒక రాత్రి, పక్ అనే రబ్బరు బిళ్ళ కోసం కాలు ఒక్క వుదుటున పక్కకు చాపాను. ఎడమ గజ్జలో కత్తితో గీసినట్లయింది. పది రోజులకు నొప్పి తగ్గింది. తగ్గింది గదా అని మళ్ళీ ఆడాను. ఈసారి కండరం మరింత చిరిగింది. నెలల తరబడి కారెక్కాలంటే కాలును చేత్తో యెత్తి లోపల పెట్టుకోవలసి వచ్చింది.

ఎందుకిలా అవుతుందో వినండి. నడకలో కాలు వెనక్కి తోస్తుంది, స్కేటింగ్‌లో పక్కకు తోస్తుంది. అలా పక్కకు పోయిన కాలును ఆపి, తిరిగి లోపలికి లాగవలసినవి తొడ లోపలి కండరాలు. ఆట ఆడేకొద్దీ వెలుపలి కండరాలు గట్టిపడతాయి, లోపలివి వెనకబడతాయి. అమెరికాలో వృత్తి ఆటగాళ్ళ మీద జరిపిన పరిశీలన ఒకటి 2001లో అచ్చయింది. లోపలి కండరాల బలం వెలుపలి వాటి బలంలో 80 శాతానికి తక్కువగా వున్నవారికి గజ్జ కండరం దెబ్బతినే అవకాశం 17 రెట్లు యెక్కువట.

అందుకు ఖరీదైన యంత్రాలేమీ అక్కర్లేదు. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు ముడవండి. మధ్యలో ఫుట్‌బాల్ పెట్టి, పది లెక్కపెట్టేదాకా నొక్కి వదలండి. ఇలా పదిసార్లు. బంతి లేకపోతే మడిచిన దిండు చాలు. తరువాత నిలబడి, ఒక కాలు బాగా పక్కకు వేసి, ఆ మోకాలు వంచుతూ కిందికి దిగి లేవండి. రెండో కాలు నిటారుగా వుండాలి. ఒంటికాలి మీద కుర్చీలో కూర్చుని లేవడం కూడా మంచిదే, మొదట్లో గోడ పట్టుకోండి. వారానికి మూడు రోజులు చాలు. సలుపు ఫరవాలేదు గాని, పోటు వస్తే ఆపాలి.

గజ్జ సంగతి అలా వుంచండి, గుండె సంగతి అంతకన్నా పెద్దది. వృత్తి ఆటగాళ్ళు సుమారు ముప్పావు నిమిషం ఆడి బెంచీ మీదికి వస్తారు. మనవాళ్ళు రారు, రెండు నిమిషాలైనా కదలరు! 2002లో కెనడా వైద్య సంఘం పత్రికలో, సరదాకు హాకీ ఆడే 113 మంది మగవాళ్ళ గుండెవేగం కొలిచిన ఫలితాలు వచ్చాయి. చాలామందికి వయసునుబట్టి వుండవలసిన గరిష్ఠ వేగాన్ని దాటిపోయింది. వారమంతా కుర్చీలో కూర్చున్న గుండె మాట ఆలోచించండి.

మా నాన్నగారు 52వ యేట గుండెపోటుతో పోయారు. అది తెలిసివుండీ, ఒకనాడు బెంచీ మీద ఛాతీలో బరువనిపిస్తే, అజీర్ణమని సరిపెట్టుకున్నాను. పైగా నేనే కారు నడుపుకుంటూ యింటికి వచ్చాను. మీరెవరూ ఆ పని చెయ్యకండి. ఛాతీ పట్టేసినట్లున్నా, నొప్పి దవడకో చేతికో పాకినా, చల్లని చెమట పోసినా ఆట ఆపి అంబులెన్సును పిలవాలి. మా ఆవిడ నా ముఖం చూసి, "మరొకరైతే మీరేం చెప్పేవారండీ?" అని అడిగింది. ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్ళాం. ఒక రక్తనాళం సన్నబడిందని తేలింది. మందులు మొదలయ్యాయి, ఆ యేడాదికి ఆట బంద్.

మళ్ళీ మొదలుపెట్టింది గుండె డాక్టరు అనుమతితోనే. ముందు రెండు నెలలు కదలని సైకిలు మీద అరగంట నింపాదిగా తొక్కాను. ఆ తరువాతే, అరనిమిషం జోరుగా, నిమిషంన్నర నెమ్మదిగా, ఆరుసార్లు. నలభై దాటినవారు, బి.పి., షుగరు వున్నవారు పరీక్ష చేయించుకోకుండా యీ జోరు జోలికి పోవద్దు.

ఇప్పుడు ఆటకు పావుగంట ముందే వెళ్ళి, వరండాలో కాళ్ళు ఆడించి, గుంజిళ్ళు తీస్తాను. కుర్రవాళ్ళు నవ్వుతారు. నిమిషం కాగానే బెంచీకి వచ్చేస్తానని ఇంకా నవ్వుతారు.