కాయా? తిమ్మిరా?

మనసులో చలనం లేనివాళ్లని తిట్టడానికి ఇంగ్లీషువాడికి ఎన్ని మాటలో! కాలస్, నంబ్, ఇండిఫరెంట్... మనమేం తక్కువ తిన్నామా? మొద్దు, మొండి, రాతిగుండె. మొగుళ్ల మీదా ఆడబిడ్డల మీదా వాడుకోవడానికి ఇవి చాలు. అయితే ఏ మాట ఎవరికి అతుకుతుందో చూసుకోవద్దుటండీ?

కాలస్‌కి లాటిన్ మూలంలో గట్టిపడ్డ చర్మమని అర్థం. చేతులు కాయలు కాచాయంటామే, అదన్నమాట. ఎండాకాలం మా భద్రాచలం అడవుల్లో తునికాకు కోసే కోయ ఆడవాళ్ల చేతులు చూడండి. తెల్లవారకుండా అడవికి పోయి ఆకు కోసి, యాభై ఆకులకో కట్ట కట్టి, కల్లానికి చేర్చాలి. కాయలు కాయక ఏమవుతాయి? అవి చేతులకి కాస్తే కష్టం, మనసుకి కాస్తే కాలస్.

నంబ్ వేరు. పాత ఇంగ్లీషులో దాని అర్థం ‘పట్టుబడిన’ అని. మన తిమ్మిరి. ఓసారి ఓ ఆస్పత్రి వరండాలో జ్వరంతో సోలిపోయిన పసివాణ్ణి ఒళ్లో పెట్టుకుని ఓ కోయ తల్లి పొద్దుటినించీ బొమ్మలా కూచుంది. ఏడవదు, అడగదు. “వీళ్లకి ఫీలింగ్సుండవండీ” అంది నా పక్కనావిడ. చీటీలు రాసే గుమాస్తా తలెత్తకుండానే, “నోరుంది కదా, అడగాలి” అన్నాడు. నోరుంది నిజమే, అందులో తెలుగు లేదు. ఇంతలో ఓ ఆయా వచ్చి కోయలో పలకరించింది. అంతే! గట్టు తెగినట్టు ఏడ్చిందా తల్లి. తిమ్మిరి వదిలేటప్పుడే కదా నొప్పి తెలిసేది! పిల్లాణ్ణి లోపలికి తీసుకెళ్లారు. సాయంత్రానికి కళ్లు తెరిచాడు. ఆవిడది తిమ్మిరి, ఆ గుమాస్తాది కాయ. మాట ఒకరికి పడాల్సింది మరొకరికి పడింది.

ఇక ఇండిఫరెంట్. గోదారి 43 అడుగులకొస్తే మొదటి ప్రమాద హెచ్చరిక. ఊరికి కొత్తవాళ్లు హడలిపోతారు, మేం తాపీగా పప్పు తాలింపు వేసుకుంటాం. చీమ కుట్టినట్టయినా లేదేమని వాళ్లకి ఆశ్చర్యం. 1986లో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు చూసిన ఊరు మరి! 53 దగ్గర మూడో హెచ్చరికకి ఏం సర్దుకోవాలో మాకు కంఠతా వచ్చు. దీన్ని అలవాటంటారు గాని, నిర్లక్ష్యమనరు.

ఈ నింద దేవుడికే తప్పలేదు. మన నేలకొండపల్లి కంచర్ల గోపన్న, అదే రామదాసు, గోల్కొండ చెరలో కూచుని, రాముడు పలకడేమని ఎంత నిష్ఠూరమాడాడని! అయినా రాతిగుండె అని వదిలేశాడా? పిలుస్తూనే ఉన్నాడు.

కాబట్టి ఎవర్నయినా మొద్దనేముందు, ఒక్కసారి వాళ్లకి తెలిసిన మాటతో పిలిచి చూడండి. అప్పటికీ పలక్కపోతే తిట్టుకోవచ్చు. డిక్షనరీ ఎక్కడికీ పోదుగా!