పియోరియాలో ఇల్లు చవక

చిన్న ఊరు గదా, ఖర్చు తక్కువే అయివుండాలని అమెరికాలో బిడ్డలున్న తల్లిదండ్రులు ఇక్కడ లెక్క వేసుకుంటారు. ఇల్లినాయి రాష్ట్రంలో, చికాగోకు నైరుతిగా నది ఒడ్డున ఉన్న పియోరియా సంగతి చూడండి. 2020 లెక్కల ప్రకారం జనాభా 1,13,150.

ఇల్లు నిజంగానే చవక. లక్షన్నర డాలర్లకు పెరడున్న పాత ఇల్లు దొరుకుతుంది. కారణం లేకపోలేదు. ఊరిని పోషించిన కాటర్‌పిల్లర్ కంపెనీ ప్రధాన కార్యాలయాన్ని 2017లో చికాగో పక్కకు, ఆ పిదప టెక్సాసుకు తరలించుకుపోయింది. కర్మాగారాలు మిగిలాయి, జనం పెరగలేదు.

అయితే ఆ ఇంటికి ఏటా 3,000, 4,000 డాలర్ల పన్ను కట్టాలి. అప్పు తీరినా ఇది తీరదు. ప్రయాణీకుల రైలు లేదు. ఇద్దరూ ఉద్యోగస్థులైతే రెండు కార్లు, రెంటికీ బీమా. చలికాలంలో ఇల్లు వెచ్చబెట్టడానికి గ్యాసు. పసిబిడ్డను పగటిపూట చూసిపెట్టే చోట కట్టేది ఇంటి వాయిదాను మించిన సంసారాలున్నాయి. మన అమ్మమ్మలు ఆరు నెలలకని విమానమెక్కడంలో ఈ లెక్క కూడా కొంత ఉన్నది. పైకి ఎవరూ అనరు.

ధరలను రూపాయల్లోకి మార్చి గుండెలు బాదుకోనక్కరలేదు, గంటల్లో చూడాలి. ఇల్లినాయిలో 2025 నుండి కనీసపు కూలి గంటకు 15 డాలర్లు. గాలను పాలు, అంటే సుమారు 3.8 లీటర్లు, పావుగంట ఇరవై నిమిషాల కూలితో వస్తాయి. పాడైన పంటికి వైద్యమంటే మాత్రం రోజుల కూలి. కుళాయి బాగుచేసే మనిషి గడప తొక్కితే వంద డాలర్లు. ఇక్కడ మేకు కొట్టనెరుగని కుర్రవాళ్ళు అక్కడ పానా పట్టుకుంటున్నారు.